గ్రహణికి మందు వెతికిన భీమవరం బిడ్డ – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు చాలా పేర్లు మనసులో మెదిలాయి. దేశనాయకుల జీవితాలు, కవుల జీవితాలు మనకు బాగా తెలిసినవే. కానీ డెబ్బై దాటిన మనలో దాదాపు ప్రతి ఒక్కరి కడుపులోకీ ఏదో ఒకనాడు ఈయన చేయించిన మందు వెళ్ళి ఉంటుంది. అయినా పేరు మాత్రం చాలామందికి నోటికి రాదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన కోదాడ మీదుగా విజయవాడ బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారితే సాయంత్రంలోగా చేరుకునే భీమవరంలో పుట్టిన మనిషి. అమెరికాలో కన్నుమూశారు. నడుమ గడిచిన యాభై మూడేళ్ళలో ఆయన చేసిన పనులన్నీ రాయాలంటే ఈ సంచిక మొత్తం చాలదు. కాబట్టి మన పేగులకు సంబంధించినంత మేరకే ఎక్కువగా రాస్తాను. మిత్రులు మన్నించాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాతతరం వారికి గత్తర అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. కోపం వస్తే తిట్టడానికి కూడా ఆ మాటే వాడేవారు. ఉదయం పొలం పోయిన మనిషి రాత్రికి ఉండేవాడు కాదు. వాంతులు, భేదులు పట్టుకుంటే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకోవడం, పొలిమేరలో పోచమ్మకు మొక్కుకోవడం తప్ప వేరే దారి తెలియని కాలమది. డాక్టర్లు కలరా అనే గత్తరకు కారణం ఒక చిన్న బాక్టీరియా అనీ, అది చెరువు నీటిలో ఉంటుందనీ జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ 1884లో కలకత్తాలో చూపించారు. టైఫాయిడ్, రక్తవిరేచనాలు కూడా ఎక్కువగా అదే దారిలో వస్తాయి. ఒకరి మలంలోని క్రిములు ఇంకొకరి మంచినీళ్ళ బిందెలోకి చేరడమే ఆ దారి. ఇవన్నీ చప్పున మీద పడే జబ్బులు. కొన్నాళ్ళలో అటో ఇటో తేలిపోతాయి. అలా తేలకుండా నెలల తరబడి మనిషిని కొవ్వొత్తిలా కరిగించే జబ్బు ఇంకొకటి ఉంది. మన వైద్యులు దాన్ని గ్రహణి, సంగ్రహణి అంటారు. ఇంగ్లీషు వైద్యంలో దాని పేరు ట్రాపికల్ స్ప్రూ. సుబ్బారావు గారి జీవితాన్ని మలుపు తిప్పింది ఆ జబ్బే.

1895 జనవరి 12న పుట్టారాయన. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆరోగ్యం బాగాలేక గడువుకు ముందే ఉద్యోగం వదలవలసి వచ్చింది. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో జీతం రాళ్ళు ఆగిపోతే ఏమవుతుందో మన సంఘ సభ్యులకు ఒకరు చెప్పాలా? అప్పటి పెన్షన్లకు కరువుభత్యాలు గట్రా ఏమీ లేవు. ఇల్లు నడిపింది తల్లి వెంకమ్మ గారు. పిల్లవాడికి చదువు మీద మొదట్లో పెద్దగా ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంకో పిల్లవాడిని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఆలోచన. తల్లి మనుషుల్ని పంపి దారిలోనే పట్టించి వెనక్కి తెప్పించింది. చదువు కోసం ఆవిడ మంగళసూత్రం కూడా అమ్మిందని చెబుతారు.

రాజమండ్రిలో చదివి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. మనవలు పరీక్ష తప్పితే ఇంట్లో అందరూ దిగాలుపడి కూర్చునే ఈ రోజుల్లో ఆ సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. ఆ రోజుల్లోనే రామకృష్ణ మఠం వైపు మనసు లాగి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. తల్లి అనుమతి లేకుండా చేర్చుకోవడానికి మఠం వారూ ఒప్పుకోలేదు. డాక్టరై సేవ చేయవచ్చు కదా అన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజు భారం మోయడానికి ముందుకు వచ్చినవారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. వారి కుమార్తె శేషగిరితో 1919 మే 10న సుబ్బారావు గారికి పెళ్ళి జరిగింది.

ఆ యువకుని ఇంట్లో జరిగిన ఘోరం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ స్ప్రూ జబ్బుతో మంచం పట్టారు. కొద్ది రోజుల తేడాతో ఇద్దరూ పోయారు. ఒకరి కర్మకాండ పూర్తికాకముందే ఇంకొకరిని సాగనంపవలసిన ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవలసిందే. ఇంట్లో ఒక కొడుకు డాక్టరు చదువు చదువుతున్నాడు. పుస్తకాల్లో ఆ జబ్బు లక్షణాలన్నీ ఉన్నాయి గాని మందు లేదు. ఆయన గురువులకూ తెలియదు. అప్పటికి ప్రపంచంలోనే ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ తగులుకుంది. మద్రాసులో పేరుపొందిన ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన కోలుకున్నారని జీవితచరిత్రకారులు చెబుతారు.

స్ప్రూ అంటే ఏమిటో పాఠకులకు రెండు మాటల్లో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మన చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీది పోగుల్లాగా సన్నని వేళ్ళవంటి నూగు నిండి ఉంటుంది. తిన్న అన్నంలోని సారమంతా ఆ నూగు ద్వారానే రక్తంలోకి ఎక్కుతుంది. కొందరికి ఒకసారి విరేచనాలు పట్టుకున్నాక మామూలుగా తగ్గవలసినది తగ్గదు. ఉండకూడని బాక్టీరియా చిన్నపేగులో తిష్ట వేస్తాయి. నూగు అరిగి చదునవుతుంది. ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మలం పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో పోతుంది. నాలుక పుండులా ఎర్రబడి కారం తగిలితే భగ్గుమంటుంది. ఫోలిక్ ఆమ్లం, బి-12 వంటి పోషకాలు అందక రక్తం క్షీణిస్తుంది. రక్తం తయారుకావడానికి కావలసిన ఆ ఫోలిక్ ఆమ్లమే పేగు గోడ కొత్తగా మొలవడానికీ కావాలి. అది లేక గోడ ఇంకా పాడవుతుంది, గోడ పాడై అది ఇంకా తక్కువ అందుతుంది. విషవలయమంటే ఇదే. ఏ బాక్టీరియా ఎందుకు తిష్ట వేస్తుందో నేటికీ పూర్తిగా తేలలేదు గాని, క్రిములు ఒక చేయి, పోషకలోపం ఇంకో చేయి వేసి మనిషిని లాగుతాయన్నది స్థిరపడిన సంగతి. 1920 ప్రాంతంలో ఇందులో ఒక్క ముక్క కూడా ఎవరికీ తెలియదు.

కాలేజీలో ఆయనకు ఇంకో చిక్కు వచ్చిపడింది. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలో తొడుక్కునే కోటు కూడా ఖద్దరుదే. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది గిట్టలేదు. మిగతా సబ్జెక్టులన్నీ బాగా రాసినా శస్త్రచికిత్సలో మార్కులు పడలేదు. ఎం.బి.బి.ఎస్. రావలసినవారికి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదు. చివరకు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే కొలువు దొరికింది. ఆయుర్వేద మందుల్లో పనిచేసే వస్తువు ఏమిటో విడదీసి పట్టుకోవాలన్న తపన అక్కడే మొదలయిందంటారు. ఆ ఎం.బి.బి.ఎస్. వచ్చి, ఆ సర్కారు ఉద్యోగం దొరికి ఉంటే ఏ జిల్లా ఆసుపత్రిలోనో ముప్పై ఏళ్ళు పనిచేసి మనలాగే పెన్షన్ తీసుకునేవారేమో.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వారి సాయం, మామగారి సాయం కలిపి అమెరికా ప్రయాణం కట్టారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి బయలుదేరారు. 1923 అక్టోబరు 26న బోస్టన్ చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు వ్యాధుల విద్యలో చేరారు. స్ప్రూ వంటి జబ్బుల గురించి చదవడానికే ఆ విభాగం ఎంచుకున్నారని వేరే చెప్పాలా? చేతిలో డబ్బు లేదు. మనదేశపు డాక్టరు సర్టిఫికెట్టుతో అక్కడ వైద్యం చేయడానికి వీల్లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి నౌకరుగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం ఆ ఉద్యోగం. పగలు చదువు. ఆయన వెళ్ళాక ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు.

హార్వర్డ్‌లో గడిపిన పదహారు పదిహేడేళ్ళ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. అది ఇక్కడి విషయానికి కొంచెం పక్కది. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతటా లేబొరేటరీల్లో తరాల విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు. కండరం పనిచేయడానికి కావలసిన శక్తిని దాచి ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో గుర్తించారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ఆయన పని పైకి రాకుండా ఫిస్క్ అసూయతో అడ్డుపడ్డాడని, ఒకప్పుడు అక్కడే ఉండి తర్వాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు. ఇంతమంది ఉద్యోగులున్న మన సంఘంలో ఇటువంటి కథ విని ఆశ్చర్యపోయేవారు ఎవరూ ఉండరు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఇప్పుడు చేతికింద ఎందరో రసాయన శాస్త్రజ్ఞులున్నారు, డబ్బుంది. పాత బాకీ తీర్చుకునే సమయం వచ్చింది. రక్తక్షీణతకు పశువుల కాలేయం తినిపిస్తే గుణమిస్తుందని బోస్టన్ వైద్యులు 1926లోనే కనిపెట్టారు. కాలేయంలో ఉన్న ఆ వస్తువు ఏమిటన్నది ప్రశ్న. ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి చెప్పాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లు కూలీ స్త్రీలకు గర్భసమయంలో వచ్చే రక్తక్షీణతను పరీక్షించి, ఈస్ట్‌తో చేసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. కాలేయంలోనూ, ఈస్ట్‌లోనూ, పాలకూరలోనూ ఉన్న ఆ వస్తువుకు 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుండి వచ్చిన పేరది.

దాన్ని పట్టుకోవడానికి పెర్ల్ రివర్‌లో బాక్టీరియానే కొలబద్దగా వాడారు. పెరుగు తోడుకునే క్రిములకు చుట్టమైన ఒక బాక్టీరియా ఫోలిక్ ఆమ్లం లేనిదే పెరగదు. ఏ సీసాలో అది గుబురుగా పెరిగితే ఆ సీసాలో వస్తువు ఉన్నట్టు లెక్క. అలా వడబోసి వడబోసి, చివరికి ఆ వస్తువు నిర్మాణం తేల్చి, 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. పేర్లు వేయడంలో ఆయన వెనకే నిలబడ్డారు. కింది వారి పేర్లు ముందు పెట్టించారు. ఆ ఏడాదే అమెరికా డాక్టర్ టామ్ స్పైస్ ఫోలిక్ ఆమ్లంతో రోగులకు చికిత్స మొదలుపెట్టారు. స్ప్రూ రోగులకిస్తే కొద్ది రోజుల్లో నాలుక పుండు మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు ఆ జబ్బుకు మొదటి సరైన మందు దొరికింది.

సగం మందే దొరికింది అనాలేమో. పోషకలోపం తీరినా, చాలామందిలో పేగులో తిష్ట వేసిన క్రిములు అలాగే ఉండేవి. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది గాని, పేగుల్లో చెడు చేసే క్రిముల్లో చాలావాటి మీద అది పనిచేయదు. స్ట్రెప్టోమైసిన్ సూదిమందుగానే ఇవ్వాలి. నోటితో మింగితే ఒంట్లోకి ఎక్కి, రకరకాల క్రిములను అణిచే మందు కావాలి. దాని కోసం సుబ్బారావు గారి విభాగంలో పనికి కుదిరిన మనిషి ఎవరో తెలిస్తే మన మిత్రులకు సంతోషం కలుగుతుంది. ఆయన ఒక విశ్రాంత ఉద్యోగి! పేరు బెంజమిన్ డగ్గర్. 1872లో పుట్టారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పి, డెబ్బై దాటాక పదవీ విరమణ చేశారు. 1944లో లెడర్లీలో చేరారు. ఇంటి దగ్గర పడక కుర్చీలో కూర్చోవలసిన వయసులో మట్టి పొట్లాలు విప్పడం మొదలుపెట్టారు.

మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఒకదానినొకటి అణచడానికి కొన్ని పదార్థాలు ఊరుస్తాయి. వాటిలో మనకు పనికొచ్చేది ఏదన్నా ఉందా అని వెతకడం డగ్గర్ గారి పని. తెలిసినవారందరికీ రాసి దేశం నలుమూలల నుండి మట్టి తెప్పించారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బర్న్ పొలం నుండి వచ్చిన మట్టిలో బంగారు రంగు పదార్థాన్ని ఊరించే ఒక జీవి దొరికింది. ఆ రంగును బట్టే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. బంగారానికి లాటిన్ మాట ఆరం. మన ప్రాంతంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద భూమి ధర ఎకరం ఎంత, గుంట ఎంత అని లెక్కలు వేసుకుంటాం గాని, గుప్పెడు మట్టి అంతటి విలువ చేసిందంటే నమ్మడం కష్టం. ఇది క్రిములను కత్తితో నరికినట్టు చంపదు. క్రిమి లోపల మాంసకృత్తులు తయారయ్యే యంత్రానికి అడ్డుపడి దాన్ని పెరగనివ్వదు. మిగతా పని మన ఒంటి శక్తి చూసుకుంటుంది. తర్వాత టెట్రాసైక్లిన్ అని మనమంతా ఎరిగిన మందుల కుటుంబానికి పెద్దన్న ఇదే.

1948 జూలై 21న న్యూయార్క్ సైన్స్ అకాడమీ సభలో ఆరియోమైసిన్‌ను లోకానికి పరిచయం చేశారు. ఆ వ్యాసం మీద ఉన్నది డగ్గర్ గారి పేరే. పనికి పథకం వేసి, మనుషుల్ని కూర్చి, డబ్బు ఇప్పించి, వెనక నిలిచిన అధిపతి పేరు లేదు. సరిగ్గా పద్దెనిమిది రోజులకు, ఆగస్టు 8 రాత్రి, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు యాభై మూడు. ఆరియోమైసిన్ అమ్మకానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చేనాటికి ఆయన లేరు. అది స్ప్రూకు పనిచేస్తుందో లేదో చూసుకునే వ్యవధి ఆయనకు దొరకలేదు. పనిచేసింది. గ్రహణి అని నిర్ధారణ అయిన రోగికి నేటికీ డాక్టర్లు రాసే చీటీలో ప్రధానమైనవి రెండు. ఒకటి రోజూ ఫోలిక్ ఆమ్లం, రెండోది మూడు నుండి ఆరు నెలలపాటు టెట్రాసైక్లిన్. అవసరాన్ని బట్టి బి-12 కలుపుతారు. ఆ రెండు మందులూ పుట్టింది ఒకే ఇంట్లో. ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి కట్టిన ఇల్లది.

టెట్రాసైక్లిన్ వచ్చింది కాబట్టి గత్తర పోయిందని ఎవరన్నా అంటే అది సరికాదు. కలరా మనిషిని చంపేది ఒంట్లో నీరు ఆరిపోవడం వల్ల. తీవ్రమైన రోగికి గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. ఆ నీరు, ఉప్పు తిరిగి నింపడమే అసలు చికిత్స. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి తాగించి, ముప్పై శాతం దాకా ఉన్న మరణాలను నాలుగు శాతం లోపుకు తెచ్చారు. మనం వాడే ఓ.ఆర్.ఎస్. పొట్లాల వెనక కథ అది. టెట్రాసైక్లిన్ దానికి తోడుగా విరేచనాలను త్వరగా నిలిపి, పోయే నీటిని తగ్గిస్తుంది. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను ఇప్పుడు ఒక్క మోతాదుతో సరిపెడుతున్నారు. టైఫాయిడ్‌కు మాత్రం ఆరియోమైసిన్ సరిగా పనిచేయలేదు. ఆ పని 1948లో క్లోరోమైసెటిన్ చేసింది. మన తరం వారికి ఆ క్లోరోమైసెటిన్ గొట్టాలు బాగా గుర్తే. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు దేశమంతా మందుల దుకాణాల ముందు వరుసలు కట్టి కొన్నది టెట్రాసైక్లినే. అప్పుడు కొని దాచుకున్న వారిలో ఎంతమందికి సుబ్బారావు గారి పేరు తెలిసి ఉంటుంది?

ఆయన చేయించినవి ఇంకా మన ఇళ్ళలో ఉన్నాయి. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి పంచే డి.ఇ.సి. మాత్ర 1947లో ఆయన పరిశోధనశాల నుండి వచ్చిందే. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందు ఒకటి చేయిస్తే, దానితో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1948లో రక్తక్యాన్సర్ పిల్లలకు మొదటిసారి తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించారు. ఆ జాతిలోని మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి మనలో కొందరు వాడుతున్నారు. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. డాక్టరు చీటీలో దాని కింద వేరే రోజుకు ఫోలిక్ ఆమ్లం రాసి ఉంటుంది చూడండి. రెండూ ఒకే పరిశోధనశాల బిడ్డలు. ఒకటి లాగుతుంది, ఇంకొకటి సర్దుతుంది.

ఇక మన సంగతి. హైదరాబాదు నగరం మురుగును మోసుకుని మూసీ మన సూర్యాపేట పక్కగా వచ్చి, మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. నీటి సంగతి వచ్చినప్పుడు మన ఊళ్ళవారికి ఉండే అనుమానం ఉత్తది కాదు. పైపు నీళ్ళు వచ్చినా వానాకాలంలో కాచి తాగే అలవాటు మానవద్దు. పెద్దవయసు వారికి నాలుగు విరేచనాలకే ఒళ్ళు తూలిపోతుంది. దాహం కూడా సరిగా తెలియదు. ముందు ఓ.ఆర్.ఎస్., తర్వాతే మాత్ర సంగతి. విరేచనాలు కాగానే మందుల షాపులో రెండు యాంటీబయాటిక్ గోలీలు చిల్లరగా కొని, కొంచెం నయం కాగానే మానేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు వల్లనే క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారవుతున్నాయి. ఒకప్పుడు క్లోరోమైసెటిన్‌కు లొంగిన టైఫాయిడ్ తర్వాత దానికి ఎదురుతిరిగింది. టెట్రాసైక్లిన్‌ను పాలతోనూ, కడుపుమంట గోలీలతోనూ కలిపి వేసుకుంటే ఒంటికి ఎక్కదు. చిన్నపిల్లలకు, గర్భిణీలకు సొంతంగా ఇవ్వకూడదు. పిల్లల పళ్ళు శాశ్వతంగా పసుపు పచ్చబడతాయి. విరేచనాలు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా షాపు మందుతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. 2019 నుండి సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అంత దూరం హైదరాబాదు పోనక్కరలేదు.

సుబ్బారావు గారు మళ్ళీ ఇండియాకు రాలేదు. మూడేళ్ళని చెప్పి వెళ్ళిన మనిషి పాతికేళ్ళు అక్కడే ఉండిపోయారు. అమెరికా పౌరసత్వం మాత్రం తీసుకోలేదు. శేషగిరమ్మ గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. పరిశోధన గొప్పదే. కానీ ఆ గొప్పతనానికి ధర ఎవరు చెల్లించారని అడిగితే ఆవిడ పేరు కూడా చెప్పాలి. జీవితచరిత్రలు రాసేవారు ఆవిడ గురించి రెండు వాక్యాలతో సరిపెట్టడం నాకు నచ్చదు. నేనూ అంతకు మించి రాయలేకపోతున్నాను.

ఆయన పేరు మీద ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని శాస్త్రజ్ఞులు నామకరణం చేశారు. నోబెల్ బహుమతి రాలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ వారు ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేశారు. మన సంఘంలో తపాలా శాఖలో పనిచేసిన మిత్రులు ఉన్నారు కదా. ఎవరి ఆల్బమ్‌లోనైనా ఆ స్టాంపు ఉంటే వచ్చే నెల సమావేశానికి దయచేసి తీసుకురావాలని మనవి. మనవలను, మనవరాళ్ళను కూడా వెంట తీసుకువస్తే వాళ్ళకూ చూపించవచ్చు.